అనుకోవడానికి ముందా, తర్వాతా? ఇంగ్లిష్ వాక్యంలో మోడల్ వెర్బ్ కూర్చునే చోటు

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఇవాళ చాలా చిన్న విషయం మాట్లాడదామని వచ్చాను. చిన్నదే కానీ, మన ఇంగ్లిష్ మాటల్లో సగం అపార్థాలు ఇక్కడే పుడతాయని నాకు గట్టి నమ్మకం. "అతను వస్తాడనుకుంటాను." రోజూ అనే మాటే కదా? దీన్ని ఇంగ్లిష్‌లో చెప్పమంటే మీరేమంటారు? "ఐ థింక్ హీ విల్ కమ్." బాగుంది. ఇంకెవరైనా? "ఐ థింక్ హీ మే కమ్." ఇదీ వాక్యమే, తప్పేం లేదు, కాకపోతే రావడం మీద నమ్మకం కాస్త తగ్గింది. సరే, ఇప్పుడు ఆ మే అన్న మాటని తీసి ముందుకి జరుపుదాం. "ఐ మే థింక్ హీ విల్ కమ్." ఏమైంది? అతను రావచ్చు, రాకపోవచ్చు అన్న సంగతి పోయింది. "అతను వస్తాడని నేను అనుకుంటానేమో" అని వచ్చింది. అంటే, నా బుర్రలో ఏముందో నాకే తెలియదన్నట్టు!

మాట అదే. చోటు మారింది. చోటు మారితే అనుమానం ఎవరిదో మారిపోయింది. నేను ఇవాళ చెప్పేదంతా ఇదే, ఇక మిగతాదంతా ఉదాహరణలు.

తెలుగులో మనకి ఈ ఇబ్బంది లేదు. అనుమానాన్ని క్రియ చివర అంటిస్తాం. వస్తాడేమో, వస్తాడు కాబోలు, వచ్చి ఉండొచ్చు. అన్నీ చివరే. ఇంగ్లిష్‌లో "ఐ థింక్" అని మొదలుపెట్టిన వాక్యంలో రెండు కుర్చీలుంటాయి. ఒకటి థింక్‌కి ముందు. రెండోది, థింక్ తర్వాత వచ్చే చిన్న వాక్యంలో. మోడల్ వెర్బ్, అంటే మే, విల్, కెన్ లాంటి సాయం చేసే క్రియ, మొదటి కుర్చీలో కూర్చుంటే అది అనుకునే మనిషి గురించి మాట్లాడుతుంది. రెండో కుర్చీలో కూర్చుంటే అనుకున్న విషయం గురించి మాట్లాడుతుంది. రెండిట్లోనూ ఉండొచ్చా? ఉండొచ్చు. "యూ మే థింక్ హీ కెన్ డూ ఇట్, బట్ హీ కాంట్." అతను చెయ్యగలడని మీరనుకుంటారేమో కానీ, చెయ్యలేడు. ఒక్క కుర్చీలో ఇద్దరు మాత్రం కూర్చోకూడదు. "మే కెన్" అనీ, "విల్ కెన్" అనీ పక్కపక్కన రావు.

మోడల్స్ అంటే ఏవో అందరికీ గుర్తున్నాయి కదా? కెన్, కుడ్, మే, మైట్, మస్ట్, షల్, షుడ్, విల్, వుడ్. తొమ్మిది. షల్‌ని ఇవాళ పక్కన పెడుతున్నాను, ఈ క్రియలతో దాని పని తక్కువ. ఆలోచన క్రియలంటే థింక్ ఒక్కటే కాదు. నో, అంటే తెలియడం. బిలీవ్, అండర్‌స్టాండ్, రిమెంబర్, ఇమాజిన్, సపోజ్, ఎక్స్‌పెక్ట్, హోప్, వండర్. ఇవన్నీ ఆ కుటుంబమే.

ముందు రెండో కుర్చీ సంగతి చూద్దాం, అది తేలిక. స్నేహితుడికి ఫోన్ చేశారు, ఎత్తలేదు. ఎందుకు? "హీ విల్ బీ ఇన్ ఎ మీటింగ్." రోజూ ఈ టైముకి మీటింగేగా, చూడక్కర్లేదు. "హీ మస్ట్ బీ ఇన్ ఎ మీటింగ్." ఫోన్ ఎత్తట్లేదు, మెసేజ్ చూడట్లేదు, అంటే మీటింగే అయ్యుండాలి. ఇక్కడ ఆధారాలు పేర్చి తేల్చాను. "హీ షుడ్ బీ ఇన్ ఎ మీటింగ్." క్యాలెండర్‌లో అలా ఉంది, లెక్కప్రకారం అక్కడుండాలి, ఉన్నాడో లేదో మరి. మే, మైట్, కుడ్ అంటారా, ఉండొచ్చు, అంతే. "హీ కాంట్ బీ ఇన్ ఎ మీటింగ్." వీల్లేదు, ఇవాళ సెలవు.

చివరిది చూశారా? మస్ట్‌కి ఎదురు మాట "మస్ట్ నాట్" అని మనం బట్టీ పట్టాం. నిజమే, ఆజ్ఞలో అయితే అంతే. ఊహలో మాత్రం మస్ట్‌కి ఎదురు కాంట్. అమెరికా వాళ్లు "హీ మస్ట్ నాట్ బీ హోమ్" అని ఊహగా కూడా అంటారు, వింటే కంగారు పడకండి. మీరు కాంట్ వాడితే ఎక్కడైనా చెల్లుతుంది.

ఇప్పుడు వీటి ముందు ఐ థింక్ పెట్టండి. "ఐ థింక్ హీ మైట్ బీ ఇన్ ఎ మీటింగ్." అనుమానం మీద ఇంకో అనుమానం. తప్పా? కాదు, మెత్తగా చెప్పడం. పొట్లాడుకునే జంటలు వేరే ఉన్నాయి. "ఐ యామ్ షూర్ హీ మే కమ్." ఖాయం అంటూ మొదలుపెట్టి, రావచ్చు అంటూ ముగిస్తే వినేవాడు ఏది పట్టుకోవాలి? ఖాయమైతే విల్ అనండి. ఖాయం కాకపోతే షూర్ తీసెయ్యండి. అలాగే హోప్ తర్వాత మే పెట్టడం పాతకాలపు ఉత్తరాల్లో తప్ప వినపడదు. "ఐ హోప్ హీ విల్ కమ్", లేదా ఉత్త "ఐ హోప్ హీ కమ్స్." రెండూ సరే.

మరి "ఐ నో హీ మైట్ కమ్" అనొచ్చా? ఆలోచించండి. అనొచ్చు! తెలిసింది ఏమిటి? అతను వస్తాడని కాదు, వచ్చే అవకాశం ఉందని. ఆ అవకాశం నాకు ఖాయంగా తెలుసు. పొట్లాట లేదు.

కాదు, లేదు అనేవి ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. "అతను రాడనుకుంటాను." మన అలవాటు ప్రకారం "ఐ థింక్ హీ వోంట్ కమ్" అంటాం. వ్యాకరణం బాగానే ఉంది. కానీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల నోట సహజంగా వచ్చేది "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్." కాదు అన్న మాట థింక్ దగ్గరికి పాకిపోతుంది. దీన్ని తెలుగు చేసి చూస్తే "అతను వస్తాడని నేననుకోను", మనకీ ఉన్నదే. బిలీవ్, సపోజ్, ఎక్స్‌పెక్ట్, ఇమాజిన్ కూడా ఇంతే. హోప్ మాత్రం ఒప్పుకోదు. "ఐ డోంట్ హోప్" అనకూడదు, "ఐ హోప్ హీ వోంట్" అనాలి. ఎవరికైనా సలహా ఇచ్చేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది. "ఐ థింక్ యూ షుడ్ నాట్ సైన్ దిస్" అంటే వేలు చూపించినట్టుంటుంది. "ఐ డోంట్ థింక్ యూ షుడ్ సైన్ దిస్" అంటే, చెప్పింది అదే, కానీ పక్కన కూర్చుని చెప్పినట్టుంటుంది.

ఇక్కడ నాకు భలే ఇష్టమైన విషయం ఒకటుంది, ఒక్క నిమిషం ఓపిక పట్టండి. వాక్యం చివర "కదా" అని తగిలిస్తాం కదా, ఇంగ్లిష్‌లో దాన్ని ట్యాగ్ అంటారు. "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్" చివర ఏ ట్యాగ్ పెడతారు? "డూ ఐ" అంటారా? ఎవరో "వోంట్ హీ" అంటున్నారు. కాదు. "ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్, విల్ హీ?" వింతగా లేదూ? ట్యాగ్ వెళ్లి రెండో కుర్చీలో ఉన్న విల్‌ని పట్టుకుంది. థింక్‌ని పట్టించుకోలేదు. పైగా విల్ పక్కన కాదు అన్న మాటే లేదు, అయినా కాదు ఉన్నట్టే లెక్క వేసి "విల్ హీ" అంది. అంటే ఏమిటి? "ఐ థింక్" అన్నది అక్కడ పేరుకి ముందున్నా, అసలు బరువంతా లోపలి వాక్యానిదే. అదే ఇంకొకరి గురించి చెబితే? "షీ థింక్స్ హీ విల్ కమ్, డజంట్ షీ?" ఇప్పుడు థింక్‌నే పట్టుకుంది, ఎందుకంటే ఆవిడ అనుకోవడమే ఇక్కడ వార్త. ఐ థింక్ అన్నప్పుడు నేను అనుకోవడం వార్త కాదు.

సరే, మొదటి కుర్చీకి వద్దాం. కష్టమంతా ఇక్కడే.

కెన్‌తో మొదలుపెడతాను. "నాకు అర్థం కావట్లేదు." మనలో చాలామంది నోట వచ్చేది "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్." కావట్లేదు అంటే జరుగుతున్న పని కదా, కాబట్టి ఇంగ్ తగిలిస్తాం. మన లెక్క మనది. కానీ తెలియడం, అర్థమవడం, నమ్మడం, గుర్తుండటం ఇంగ్లిష్‌కి పనులు కావు, స్థితులు. ఉంటాయి, లేదా ఉండవు. అందుకని "ఐ డోంట్ అండర్‌స్టాండ్", లేదా "ఐ కాంట్ అండర్‌స్టాండ్." మరి ఈ రెండిటికీ తేడా? డోంట్ అంటే అర్థం కాలేదు, అంతే, ఇంకోసారి చెప్పండి. కాంట్ అంటే ప్రయత్నించాను, అయినా మింగుడు పడట్లేదు. "ఐ కాంట్ అండర్‌స్టాండ్ వై యూ డిడ్ దిస్." ఇందులో కోపం వినపడుతోందా? పై అధికారి పని చెప్పినప్పుడు అర్థం కాకపోతే డోంట్ వాడండి. కాంట్ వాడితే, చెప్పడం మీకు చేతకాలేదు అన్నట్టు వినపడే ప్రమాదం ఉంది.

గుర్తుండటం దగ్గరికి వస్తే తేడా దాదాపు లేదు. "ఐ రిమెంబర్ దట్ డే", "ఐ కెన్ రిమెంబర్ దట్ డే." కెన్ ఉంటే ఆ రోజు కళ్లముందు కాస్త దగ్గరగా ఆడుతుంది, అంతే తేడా. "ఐ కాంట్ థింక్ వై" అంటే ఆలోచించలేను అని కాదు, కారణం ఏమీ తట్టట్లేదు అని. "ఐ కాంట్ బిలీవ్ ఇట్" అంటే చాలాసార్లు నమ్మేశాను అనే అర్థం! ఆశ్చర్యపోతున్నానంతే. నిజంగా నమ్మకపోతే "ఐ డోంట్ బిలీవ్ ఇట్" అంటాం. అదీ ఒక్కోసారి ఆశ్చర్యానికే వాడతారు, గొంతుని బట్టి తెలుసుకోవాలి.

ఇక కెన్, నో, ఈ రెండూ పక్కపక్కన సుఖంగా ఉండవు. "కెన్ ఐ నో యువర్ నేమ్?" మనకి బాగా అలవాటు. తెలుసుకోవచ్చా అని మన ఉద్దేశం. నో అంటే తెలుసుకోవడం కాదు, తెలిసి ఉండటం. తెలిసి ఉండొచ్చా అని అడిగినట్టవుతుంది. "మే ఐ ఆస్క్ యువర్ నేమ్" అనండి. "మే ఐ నో" కూడా మర్యాద మాటగా చెల్లుతోంది, దాని మీద నాకు తగాదా లేదు. ఎక్కడికైనా వెళ్లి సమాచారం తెలుసుకోవాలంటే "కెన్ ఐ ఫైండ్ అవుట్."

తమాషా ఏమిటంటే, ఈ కెన్ పుట్టింది తెలియడం నుంచే. పాత ఇంగ్లిష్‌లో కున్నన్ అనే క్రియ ఉండేది. తెలిసి ఉండటం, ఎలా చెయ్యాలో తెలిసి ఉండటం దాని అర్థం. ఎలాగో తెలిస్తే చెయ్యగలం కదా, అలా చెయ్యగలగడంలోకి జారింది. నో కూడా అదే మూలం నుంచి వచ్చిన చుట్టం. కుడ్‌లో రాసి పలకని ఎల్ అనే అక్షరం ఉంది చూశారా, అది మొదట్లో లేదు. వుడ్‌లో, షుడ్‌లో ఉంది కదా అని వాటిని చూసి తర్వాత దీనికీ తగిలించారు. స్పెల్లింగ్ రాయలేక చిన్నప్పుడు తిట్లు తిన్నవాళ్లు ఎవరినైనా తిట్టుకోవాలంటే ఇదిగో, కారణం దొరికింది.

మస్ట్‌కి వస్తున్నాను. ఒక వాక్యం చెబుతాను, అర్థం చెప్పండి. "యూ మస్ట్ థింక్." ఆలోచించాలి, నిజమే. ఇప్పుడు, "యూ మస్ట్ థింక్ ఐ యామ్ ఎ ఫూల్." నన్ను మూర్ఖుడనుకోవాలి, అని ఆజ్ఞాపిస్తున్నానా? కాదు! నన్ను మూర్ఖుడని అనుకుంటున్నట్టున్నారు. మొదటిది ఆజ్ఞ, రెండోది ఊహ. ఎలా కనిపెట్టాలి? థింక్ ఒంటరిగా ఉండో, "థింక్ అబౌట్" అనో వస్తే అది ఆలోచించడం, అంటే పని. పని అయితే మస్ట్ చెయ్యమంటుంది. థింక్ తర్వాత పూర్తి వాక్యం వస్తే అది అభిప్రాయం, అంటే స్థితి. స్థితి అయితే మస్ట్ ఊహిస్తుంది. "యూ మస్ట్ నో హిమ్", ఆయన మీకు తెలిసే ఉంటారు. ఇదీ స్థితే.

కానీ ఆగండి. "యూ మస్ట్ బిలీవ్ మీ", "యూ మస్ట్ అండర్‌స్టాండ్." ఇవీ స్థితులే కదా? ఊహలవ్వాలి కదా? అవ్వవు. నన్ను నమ్మండి, అర్థం చేసుకోండి అని బతిమాలడం. చేతులు పట్టుకుని చెప్పే మాటలు. కాబట్టి సూత్రాన్ని మరీ గట్టిగా పట్టుకోకండి, ఎదుటివాడి మొహం కూడా చూడండి.

గడిచిన కాలంలోకి వెళ్తే ఇదింకా రుచిగా ఉంటుంది. నో ఒక్కటే తీసుకుందాం. ఆఫీసులో ఒక పని ఆగిపోయింది, మీ సహోద్యోగి ముందే ఎవరికీ చెప్పలేదు. "హీ మస్ట్ హావ్ నోన్." తెలిసే ఉంటుంది, చెప్పలేదు. ఊహ. "హీ షుడ్ హావ్ నోన్." తెలిసి ఉండాల్సింది, అది అతని పని, తెలుసుకోలేదు. నింద. "హీ మైట్ హావ్ నోన్." తెలిసి ఉండొచ్చు, ఏమో. "హీ కుడెంట్ హావ్ నోన్." తెలిసే అవకాశమే లేదు, వదిలెయ్యండి అతన్ని. ఒక్క మాట మారితే మనిషి దోషి అవుతాడు, ఒక్క మాట మారితే నిర్దోషి అవుతాడు. మెయిల్లో మస్ట్ హావ్ రాయబోయి షుడ్ హావ్ రాస్తే? అవతలివాడు ఫోన్ చేసి అరుస్తాడు. మనకేమో ఎందుకు అరుస్తున్నాడో తెలియదు, ఊరికే టెన్షన్.

ఎందుకు తడబడతామో కూడా చెబుతాను. తెలుగులో "తెలిసి ఉండాలి" అన్న ఒక్క మాటే సందర్భాన్ని బట్టి రెండు పనులూ చేస్తుంది. అతనికి ఈపాటికి తెలిసి ఉండాలి అంటే ఊహ. అధికారి అన్నాక రూల్సు తెలిసి ఉండాలి అంటే బాధ్యత. మనం గొంతుతో విడదీస్తాం. మెయిల్‌కి గొంతు లేదు.

ఇంకోటి, మైట్ హావ్ నోన్‌ని నేను అనే మాటతో కలిపి విసుగ్గా అంటే అర్థం తిరగబడుతుంది. "ఐ మైట్ హావ్ నోన్!" నాకు తెలిసి ఉండొచ్చు అని కాదు. ఇలా జరుగుతుందని ముందే ఊహించాల్సింది, వీళ్లు ఇంతే, అని. ఆలస్యం చేసేవాడు మళ్లీ ఆలస్యం చేసినప్పుడు పనికొచ్చే మాట.

వుడ్. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. ముందు ఒక విన్నపం. "ఐ వుడ్ బీ కమింగ్ టుమారో" అనకండి. రేపు వస్తాను అంటే విల్. వుడ్ పెడితే వినేవాడు మిగతా సగం కోసం ఎదురుచూస్తాడు. వచ్చేవాణ్ణి, కానీ? కానీ ఏమిటి? మనమేమో మర్యాదగా ఉంటుందని వుడ్ పెట్టాం.

ఆలోచన క్రియల ముందు మాత్రం వుడ్ నిజంగానే మర్యాద తెస్తుంది. "ఐ థింక్ ఇట్ టేక్స్ ఎ వీక్." నా అభిప్రాయం, వారం పడుతుంది. "ఐ వుడ్ థింక్ ఇట్ టేక్స్ ఎ వీక్." నన్నడిగితే వారం పట్టొచ్చనిపిస్తోంది, మీకు ఇంకా బాగా తెలిసుంటే చెప్పండి. అడుగు వెనక్కి వేసి నిలబడటం అది. బ్రిటిష్ వాళ్లు ఇక్కడే "ఐ షుడ్ థింక్" అని కూడా అంటారు. అనుకోవాలి అని అర్థం చేసుకోకండి, అక్కడ షుడ్ వుడ్‌కి మారుపేరంతే.

మీరు జాగ్రత్తగా వినాల్సింది "ఐ వుడ్ హావ్ థాట్." మీరు రిపోర్టు పంపారు. జవాబు వచ్చింది. "ఐ వుడ్ హావ్ థాట్ ద రిపోర్ట్ వుడ్ కవర్ లాస్ట్ మంత్ ఆల్సో." చూడటానికి ఎంత మెత్తగా ఉంది! అనుకుని ఉండేవాణ్ణి అంటున్నాడు పాపం, అని ఊరుకోకండి. పోయిన నెలది ఎందుకు పెట్టలేదు అని అడుగుతున్నాడు. ఇలాంటి మెయిల్‌కి థాంక్యూ అని జవాబిచ్చి కూర్చుంటే అంతే సంగతులు.

"యూ వుడ్ థింక్" కూడా ఇలాంటిదే. "యూ వుడ్ థింక్ హీ ఓన్డ్ ద కంపెనీ." కంపెనీ అతనిదే అనుకుంటారు చూస్తే. అతనిది కాదని చెప్పనక్కర్లేదు, ఆ వుడ్‌లోనే ఉంది. "యూ మైట్ థింక్" అంటే కాస్త మెత్తన. మీరిలా అనుకోవచ్చు, కానీ, అని ఖండన వెనకే వస్తుంది. వ్యాసాలు రాసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, టైమ్ చూపిస్తున్నారు. "ఐ థాట్ హీ విల్ కమ్." ఇది మానేద్దాం. థింక్ థాట్ అయితే, లోపలి విల్ వుడ్ అవుతుంది, కెన్ కుడ్ అవుతుంది, మే మైట్ అవుతుంది. "ఐ థాట్ హీ వుడ్ కమ్." మస్ట్ మాత్రం కదలదు, ఎందుకంటే అది పాత ఇంగ్లిష్‌లో ఒక క్రియకి గతకాలం రూపమే. ఆ క్రియ పోయింది, ఇది మిగిలింది. "ఐ థాట్ హీ మస్ట్ బీ ఇన్ ఎ మీటింగ్" అనొచ్చు నిశ్చింతగా. అదే బాధ్యత చెప్పాలంటే "హ్యాడ్ టు" వైపు వెళ్లడం మంచిది.

ఇక మీ ప్రశ్నలు. ఆ, ముందు వరసలో అమ్మా, చెప్పండి. "ఐ యామ్ థింకింగ్" అనేవాళ్లని విన్నాను, మీరేమో స్థితికి ఇంగ్ రాదన్నారు అంటున్నారు. మంచి ప్రశ్న. థింక్ రెండు వేషాలూ వేస్తుంది అన్నాను కదా. "ఐ యామ్ థింకింగ్ అబౌట్ ద ఆఫర్", ఆలోచిస్తున్నాను, పని, కాబట్టి సరే. "ఐ యామ్ థింకింగ్ హీ ఈజ్ రైట్", ఇది అభిప్రాయం, ఉత్త థింక్ చాలు. వండర్ కూడా అంతే. "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ హెల్ప్" అని ఎంతో మర్యాదగా సాయం అడుగుతారు, అక్కడ ఇంగ్ ఉన్నది అందుకే. నో విషయంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు, నోయింగ్ అని వాక్యంలో క్రియగా వాడకండి. తర్వాత ఎవరు?